శ్రవణ నక్షత్రం వయసు 10 కోట్ల ఏళ్ళా, 120 కోట్ల ఏళ్ళా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. శ్రవణ నక్షత్రం, అంటే ఆల్టెయిర్, వయసు 120 కోట్ల ఏళ్ళని ఒకచోట చదివారు. 10 కోట్ల ఏళ్ళేనని ఇంకోచోట చూశారు. ఒకే నక్షత్రానికి పన్నెండు రెట్ల తేడా ఎలా వస్తుందన్నది మీ మొదటి ప్రశ్న. అది 8 గంటల లోపే తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది కదా, ఆ వేగాన్ని బట్టి కుర్రదో ముసలిదో తేల్చలేమా అన్నది రెండోది.

సూటిగా జవాబు: 10 కోట్ల ఏళ్ళ దరిదాపు అంకెనే తీసుకోండి. 120 కోట్లన్నది తప్పుడు కొలతల వల్ల వచ్చింది కాదు. నక్షత్రాన్ని నున్నటి గుండ్రని బంతిగా భావించి కట్టిన లెక్కల్లో వేగంగా తిరిగే నక్షత్రాన్ని ఇరికించడం వల్ల వచ్చింది. ఇక రెండో ప్రశ్నకి: సూర్యుడి లాంటి నక్షత్రాల్లో తిరిగే వేగం వయసు చెబుతుంది, శ్రవణం లాంటి వేడి నక్షత్రాల్లో చెప్పదు. పైగా దారి తప్పిస్తుంది. వేగంగా తిరిగే నక్షత్రం ఉన్న వయసు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. దాదాపు ముప్పై ఏళ్ళు నక్షత్రాల వర్ణపటాలతో, అంటే వాటి వెలుగుని రంగులుగా విడదీసి తీసిన పట్టీలతో, పని చేసినవాణ్ణి. ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది, అందుకని కాస్త విస్తరంగానే రాస్తాను.

నాకు ఈ నక్షత్రంతో పరిచయం వయసు కోసం కాదు, గాలి కోసం మొదలైంది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో రాత్రిపూట ఏదో ఒక మసక నక్షత్రపు వర్ణపటం తీస్తాం. అందులో నక్షత్రపు గీతలతో (అక్కడి పదార్థాలు వెలుగుని మింగేసిన చోట్ల పడే నల్లటి చారలతో) పాటు మన భూమి గాలిలోని ఆక్సిజన్, నీటి ఆవిరి వేసిన గీతలు కూడా పడతాయి. ఏవి నక్షత్రానివో, ఏవి గాలివో విడదీయాలంటే తన సొంత గీతలు సన్నగా లేని ప్రకాశవంతమైన నక్షత్రం ఒకటి కావాలి. వేగంగా తిరిగే వేడి నక్షత్రాలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. వాటి గీతలు వెడల్పుగా, లోతు లేకుండా పరుచుకుపోయి ఉంటాయి కాబట్టి సన్నటి గీత ఏది కనిపించినా అది గాలిదే. అలా శ్రవణాన్ని, మఖని ఎన్ని రాత్రులు తీశానో లెక్క లేదు. గాలి గీతలు తీసేసి నక్షత్రపు భాగాన్ని పక్కన పడేసేవాణ్ణి. ఆ పక్కన పడేసిన భాగంలోనే మీ ప్రశ్నకి జవాబు ఉంది.

ఆ గీతలు ఎందుకు పరుచుకుంటాయో చూడండి. తిరిగే నక్షత్రంలో ఒక అంచు మనవైపు వస్తూ ఉంటుంది, ఎదుటి అంచు దూరంగా పోతూ ఉంటుంది. వచ్చే అంచు వెలుగు నీలం వైపు జరుగుతుంది, పోయే అంచు వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. మనకి నక్షత్రం చుక్కగానే కనబడుతుంది కాబట్టి ఇవన్నీ కలిసిపోయి ఒక సన్న గీత వెడల్పాటి పట్టీ అవుతుంది. శ్రవణంలో ఈ కొలత సెకనుకి సుమారు 240 కిలోమీటర్లు. 5,000 ఆంగ్‌స్ట్రాముల (వెలుగు తరంగదైర్ఘ్యాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉన్న గీత అటు నాలుగు, ఇటు నాలుగు ఆంగ్‌స్ట్రాములు సాగిపోతుంది. సూర్యుడి నడుము దగ్గర వేగం సెకనుకి 2 కిలోమీటర్లు మాత్రమే. (నక్షత్రపు మధ్యరేఖని నేను నడుము అంటున్నాను. మా దగ్గర చదువుకున్న పిల్లలకి అలాగే చెప్పేవాణ్ణి.)

అయితే ఆ 240 అసలు వేగం కాదు. నక్షత్రపు అక్షం మనవైపు వాలి ఉంటే మనకి అందేది వేగంలో కొంత భాగమే. ఎంత వాలి ఉందో వర్ణపటం ఒక్కటే చెప్పలేదు. దానికి నక్షత్రపు ఆకారం కనబడాలి. 16.7 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న శ్రవణం ఆకారం చూడటమంటే, హైదరాబాదులో నిలబడి ఢిల్లీలో ఉన్న రూపాయి బిళ్ళ గుండ్రంగా ఉందో, కోలగా ఉందో చెప్పడం లాంటిది. ఒక్క దూరదర్శినితో అయ్యే పని కాదు. దూరదూరంగా ఉన్న దూరదర్శినుల వెలుగుని ఒకచోట కలిపి, వాటి మధ్య దూరమంత పెద్ద దూరదర్శినిలా వాడుకోవాలి. దాన్నే ఇంటర్‌ఫెరోమీటర్ అంటారు. 2001లో కాలిఫోర్నియాలోని పాలోమార్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో శ్రవణం గుండ్రంగా లేదని, నడుము దగ్గర ఉబ్బి ఉందని మొదటిసారి కొలిచారు. 2007లో అమెరికా ఖగోళవేత్త జాన్ మొన్నియే బృందం మౌంట్ విల్సన్ మీదున్న చారా దూరదర్శినుల్లో నాలుగింటిని కలిపి ఏకంగా దాని ఉపరితలం బొమ్మనే గీసింది. సూర్యుణ్ణి మినహాయిస్తే, మామూలు జీవితం గడుపుతున్న, అంటే గర్భంలో హైడ్రోజన్ మండిస్తున్న, ఒక నక్షత్రపు ఒంటిని మనుషులు చూడటం అదే మొదలు. ఆ బొమ్మని నేను మొదటిసారి చూసిన రోజు చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. అన్నేళ్ళూ గాలి గీతల కోసం వాడుకున్న చుక్క కోలగా, ఒక కొస తెల్లగా, నడుము నల్లబడి కనిపించింది.

ఇప్పుడు మనకి తెలిసిన శ్రవణం కొలతలు ఇవి. బరువు సూర్యుడికి 1.86 రెట్లు. ధ్రువాల వైపు వ్యాసార్ధం సూర్యుడికి సుమారు 1.57 రెట్లు, నడుము వైపు 2 రెట్లు. అంటే నడుముతో పోలిస్తే పైనుంచి కిందికి 22 శాతం నొక్కుకుపోయి ఉంది. కమలాపండు ఆకారం అనుకోండి. అక్షం మన చూపుతో చేసే కోణం 51 డిగ్రీల దగ్గర. ఆ వాలుని లెక్కలోకి తీసుకుంటే నడుము వేగం సెకనుకి సుమారు 313 కిలోమీటర్లు, ఒక చుట్టుకి 7 గంటల 46 నిమిషాల దాకా పడుతుంది. బృహస్పతికి ఒక చుట్టుకి 10 గంటలు దగ్గరదగ్గరగా పడుతుంది. బృహస్పతి కంటే దాదాపు ఇరవై రెట్లు వెడల్పున్న నిప్పుల ముద్ద దానికంటే త్వరగా తిరుగుతోందన్నమాట.

ఈ వేగం వల్ల జరిగేది ఊహించుకోండి. పరికిణీ వేసుకున్న పిల్ల గిర్రున తిరిగితే పరికిణీ గొడుగులా విచ్చుకుంటుంది కదా. అలాగే నక్షత్రపు నడుము దగ్గరి పదార్థం బయటికి లాగబడుతుంది. గురుత్వం లోపలికి లాగుతుంది, తిరుగుడు బయటికి తోస్తుంది. పై అంకెలతో నేను వేసిన లెక్కలో ధ్రువం దగ్గర గురుత్వం 208 వస్తుంది, నడుము దగ్గర మిగిలేది 56 మాత్రమే (సెకను వర్గానికి మీటర్లలో, మన భూమి మీద ఇది 9.8). ధ్రువం దగ్గర 100 కిలోలు తూగేది నడుము దగ్గర 27 కిలోలు తూగుతుంది. నడుము వేగం 420 కిలోమీటర్ల దాకా పెరిగితే పదార్థం అసలు నిలబడదు, విడిపోతుంది. శ్రవణం ఆ హద్దుకి నాలుగింట మూడు వంతుల దగ్గర ఉంది.

గురుత్వం తగ్గినచోట వేడి కూడా తగ్గుతుంది. ఈ సంగతిని స్వీడన్ శాస్త్రవేత్త ఫోన్ త్సైపెల్ 1924లోనే లెక్కకట్టి చెప్పాడు. నడుము దగ్గర పొరలు ఉబ్బి పలచబడతాయి, లోపలి నుంచి వచ్చే వేడి ఎక్కువ వైశాల్యానికి పంచబడుతుంది, దాంతో అక్కడ చల్లబడుతుంది. ఆయన సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత గురుత్వానికి 0.25 ఘాతంగా మారాలి. 2007 బొమ్మకి సరిపోయిన ఘాతం 0.19. ఆ తేడా చిన్నదే అయినా దాని వెనక నాలుగేళ్ళు చర్చ నడిచి, చివరికి ఇంత వేగంలో పాత సూత్రం సరిపోదని, దాన్ని సరిచేసిన కొత్త సిద్ధాంతం 2011లో వచ్చింది. ఫలితం మాత్రం సూటిగా చెప్పుకోవచ్చు. శ్రవణం ధ్రువం దగ్గర సుమారు 8,600 కెల్విన్లు, నడుము దగ్గర 6,800. అదే వైశాల్యం నుంచి ధ్రువం దాదాపు 2.6 రెట్లు ఎక్కువ వెలుగు పంపుతుంది.

కాబట్టి ఎవరైనా 'శ్రవణం ఉష్ణోగ్రత ఎంత' అని ఒక్క అంకె అడిగితే, ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఎటునుంచి చూస్తున్నారో చెబితేనే జవాబు ఉంటుంది. వయసు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

నక్షత్రం వయసు ఎలా చెబుతాం? ప్రమిదలో నూనె ఎంత మిగిలిందో చూస్తే దీపం వెలిగించి ఎంతసేపయిందో చెప్పొచ్చు. నక్షత్రంలో ఆ నూనె గర్భంలో ఉన్న హైడ్రోజన్. అది హీలియంగా మారుతున్న కొద్దీ గర్భం బిగుసుకుంటుంది, పై పొరలు ఉబ్బుతాయి, నక్షత్రం మొత్తంగా ఎక్కువ వెలుగునిస్తూ పైపైన చల్లబడుతుంది. గర్భాన్ని ఎవరూ చూడలేరు కాబట్టి బయటి వెలుగునీ, ఉష్ణోగ్రతనీ కొలిచి, ఫలానా బరువున్న నక్షత్రం ఎన్నేళ్ళకి ఇలా అవుతుందో చెప్పే పట్టికలతో పోల్చి చూస్తాం. 'ఉబ్బింది, చల్లబడింది' అంటే 'పెద్దదయింది' అని అర్థం.

ఇప్పుడు శ్రవణం లాంటిదాన్ని ఈ పట్టికలో పెట్టండి. అది ఉబ్బే ఉంది, నడుము దగ్గర చల్లగానే ఉంది. కానీ అది వయసు వల్ల కాదు, తిరుగుడు వల్ల. పట్టికకి ఆ సంగతి తెలియదు. నడుము మనవైపు ఉంటే నక్షత్రం ఉన్నదానికంటే చల్లగా కనబడుతుంది. ధ్రువం మనవైపు ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుతో కనబడుతుంది. రెండూ నక్షత్రాన్ని పట్టికలో ముసలితనం వైపే జరుపుతాయి. ఎటునుంచి చూసినా వేగంగా తిరిగే నక్షత్రం ఉన్న వయసు కంటే పెద్దదిగానే కనిపిస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మీరు చదివే సగం వ్యాసాల్లోని తికమక విడిపోతుంది.

నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక అమ్మాయి ఇదే శ్రవణాన్ని తీసుకుని మామూలు పట్టికల్లో వయసు కట్టింది. వంద కోట్ల ఏళ్ళు దాటి వచ్చింది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. నేను ఒక్కటే అడిగాను: 'ఇంత బరువున్న నక్షత్రం మొత్తం ఆయుష్షు నూరు కోట్లకి పైచిలుకే కదా తల్లీ, నీ లెక్క ప్రకారం ఇది చివరి దశకి వచ్చేసి ఉండాలి. అలాంటప్పుడు ధ్రువం వైపు ఎందుకు ఇంత చిన్నగా ఉంది?' నడుము రెండు రెట్లు అన్నది ముసలితనంతో సరిపోతుంది. ధ్రువం 1.57 రెట్లు అన్నది సరిపోదు. అది ఇప్పుడిప్పుడే మండటం మొదలుపెట్టిన నక్షత్రపు కొలత. తిరుగుడు ధ్రువాన్ని పెద్దగా మార్చదు, నడుమునే మారుస్తుంది. అందుకే వేగంగా తిరిగే నక్షత్రాన్ని ఎవరు చూపించినా నేను ముందు ధ్రువం వైపు వ్యాసార్ధం ఎంతని అడుగుతాను.

2020లో వచ్చిన పని ఈ దారిలోనే నడిచింది. ఫ్రాన్సులోని తులూజ్‌లో తయారైన ఎస్టర్ అనే నమూనా నక్షత్రాన్ని బంతిగా అనుకోదు. లోతుతో పాటు అక్షాంశాన్ని బట్టి కూడా ఉష్ణోగ్రత, పీడనం, వేగం ఎలా మారతాయో ఒకేసారి లెక్కిస్తుంది. ఇంటర్‌ఫెరోమీటర్ కొలతలు, వర్ణపటపు గీతల ఆకారం, నక్షత్రపు కంపనాలు, ఈ మూడూ ఒకే నమూనాకి కుదరాలని పట్టుబట్టారు. కంపనాల మాట కొంచెం చెప్పాలి. శ్రవణం నిలకడగా వెలగదు. 1999లో వైర్ ఉపగ్రహం దాన్ని చూసినప్పుడు దాని వెలుగులో ఏడు రకాల చిన్న ఊగులు దొరికాయి. అన్నిటికంటే ప్రస్ఫుటమైనది 91 నిమిషాలకోసారి వస్తుంది. వెలుగు వెయ్యింట ఒక వంతు కూడా మారదు, కంటితో పట్టుకోలేం. కానీ గుడి గంట మోతని బట్టి లోహం మందం చెప్పగలిగినట్టు, ఈ ఊగుల్ని బట్టి లోపలి సంగతి చెప్పొచ్చు.

అన్నీ కలిపితే తేలింది ఇది: పై పొరల్లో హైడ్రోజన్ 0.739 వంతు, గర్భంలో 0.712 వంతు. గర్భంలోని నూనెలో వందకి నాలుగు పాళ్ళే ఖర్చయింది. వయసు 10 కోట్ల ఏళ్ళ దగ్గర. గర్భం పై పొరల కంటే సగం ఎక్కువ వేగంతో తిరుగుతోందని కూడా ఆ నమూనా చెబుతోంది. కృత్తికల గుంపు వయసు కూడా ఇంచుమించు ఇంతే కాబట్టి శ్రవణం కృత్తికల ఈడుదని చెప్పుకోవచ్చు. నేను నా ఉపన్యాసాల్లో ఏళ్ళ తరబడి 120 కోట్లని చెప్పాను. ఆ ఉపన్యాసాలు విన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆ అంకె దిద్దుకోండి.

ఇక మీ రెండో ప్రశ్న. సూర్యుడి లాంటి నక్షత్రాలు పుట్టినప్పుడు వేగంగా తిరిగి, వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తాయి. కారణం వాటి పై పొరలు సలసల మరుగుతుంటాయి, ఆ మరుగుడులో అయస్కాంత క్షేత్రం పుడుతుంది, బయటికి వీచే కణాల గాలి ఆ క్షేత్రాన్ని పట్టుకుని దూరం దాకా వెళ్ళి నక్షత్రాన్ని వెనక్కి లాగుతుంది. కుమ్మరి తిరిగే సారె మీద అరచెయ్యి ఆనించి ఉంచితే సారె మెల్లగా ఆగుతుంది చూడండి, అలాగ. అందుకే సూర్యుడి లాంటివాటిలో వేగం చూసి వయసు చెప్పొచ్చు. కానీ సూర్యుడికి 1.3 రెట్ల కంటే బరువైన నక్షత్రాల్లో ఆ మరుగుడు పొర దాదాపు ఉండదు, కాబట్టి చెయ్యి ఆనించేవాడు లేడు. 1960లలో రాబర్ట్ క్రాఫ్ట్ అనే ఖగోళవేత్త ఈ హద్దుని స్పష్టంగా చూపించాడు. దానికి ఒక పక్క నక్షత్రాలన్నీ మెల్లగా తిరుగుతాయి, రెండో పక్కవి వేగంగా తిరుగుతూనే ఉంటాయి. శ్రవణం ఆ రెండో పక్కది. దాని తిరుగుడు పుట్టుకతో వచ్చింది, వందకోట్ల ఏళ్ళకైనా పెద్దగా తగ్గదు. ఇక్కడ మళ్ళీ ఒక చిన్న మెలిక ఉంది. శ్రవణం నడుము చల్లగా ఉంది కాబట్టి అక్కడ మాత్రం కాస్త మరుగుడు ఉంటుంది. దానికి ఎక్స్‌రేలు వెలువరించే పలచటి వేడి వాతావరణం ఉన్నట్టు కూడా కనబడింది. అంటే ఒకే నక్షత్రం ధ్రువం దగ్గర ఒక రకంగా, నడుము దగ్గర ఇంకో రకంగా ప్రవర్తిస్తోంది.

మన నక్షత్రాల్లోనే ఇంకో రెండిటి కథ చెబితే ఈ చిక్కు ఎంత రకాలుగా ఉంటుందో తెలుస్తుంది.

అభిజిత్. ఇది వేగా. 27 నక్షత్రాల వరసలో లేకపోయినా 28 లెక్కలో చేరుతుంది. 25 కాంతి సంవత్సరాల దూరం. ఎన్నో దశాబ్దాలు ఖగోళవేత్తలు వెలుగులు కొలిచే తూకపురాయిగా దీన్నే వాడారు. దీని గీతలు సన్నగా ఉంటాయి, వేగం సెకనుకి 22 కిలోమీటర్లే వస్తుంది. అందుకని మెల్లగా తిరిగే నక్షత్రమనే అనుకున్నారు. కానీ రెండు విషయాలు పొసగలేదు. తన రకం నక్షత్రాలకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ వెలుగు ఉంది. 1994లో జాగ్రత్తగా తీసిన వర్ణపటంలో కొన్ని బలహీనమైన గీతల అడుగు కోసుగా కాకుండా చదునుగా, పళ్ళెంలా ఉంది. వేడి ధ్రువం మధ్యలో, చల్లటి నడుము చుట్టూ అంచున ఉంటేనే అలా వస్తుంది. 2006లో ఇంటర్‌ఫెరోమీటర్లు నిర్ధారించాయి. అభిజిత్ ధ్రువం దాదాపు సూటిగా మనవైపే తిరిగి ఉంది. పైనుంచి బొంగరాన్ని చూస్తున్నట్టన్నమాట. అసలు వేగం సెకనుకి సుమారు 200 కిలోమీటర్లు. అన్నేళ్ళు తూకపురాయి అనుకున్నది ఒక్కో దిక్కుకి ఒక్కోలా వెలిగే నక్షత్రమని తేలింది.

దీని వయసు కూడా అలాగే జరుగుతూ వచ్చింది. ఒక నక్షత్రాల గుంపుతో పాటు పుట్టిందనుకున్నప్పుడు 20 కోట్ల ఏళ్ళు. 2010లో తిరుగుడు కలిపి లెక్కవేసినవాళ్ళు 45.5 కోట్లన్నారు. 2012లో కొత్త కొలతలతో 70 కోట్ల దగ్గర వచ్చింది. ఇక్కడ అసలు చిక్కు లోహాలది. అభిజిత్ ఉపరితలంలో సూర్యుడితో పోలిస్తే ఇనుము వంటివి మూడో వంతే కనబడతాయి. లోపల కూడా అంతేనా, లేక పైపొర మాత్రమే అలా ఉందా అన్నదాన్ని బట్టి వయసు మారుతుంది. 2010 పనిలో వయసు పక్కన వేసిన తేడా 1.3 కోట్ల ఏళ్ళే. నక్షత్రం లోపలి లోహాల గురించి మన ఊహ తప్పయితే తేడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వయసు పక్కన ఉన్న ప్లస్-మైనస్ అంకెని కొలతల పొరపాటుకి మాత్రమే హద్దుగా చదవండి. నమూనా పొరపాటుకి అది హద్దు కాదు. శ్రవణానికీ ఇదే వర్తిస్తుంది. దాని గీతలు ఒకదానిమీద ఒకటి పరుచుకుపోయి ఉంటాయి కాబట్టి లోహాలు కొలవడం మహా కష్టం. ఆ కష్టం నేను పడ్డాను. ఒక్క ఇనుము గీతని విడిగా పట్టుకోవడానికి పక్కన కలిసిపోయిన నాలుగైదు గీతల్ని ముందు లెక్కకట్టాల్సి వచ్చేది.

మఖ. ఇది రెగ్యులస్. 16 గంటలకో చుట్టు, నడుము వేగం సెకనుకి 300 కిలోమీటర్ల పైమాటే. దీన్ని చూసి కుర్ర నక్షత్రమనే అందరూ అనుకున్నారు, 15 కోట్ల ఏళ్ళ లోపే వేశారు. 2008లో దానికి ఒక జంట ఉన్నట్టు బయటపడింది. 40 రోజులకోసారి మఖ చుట్టూ తిరిగే చిన్న తెల్లకుబ్జ నక్షత్రం, బరువు సూర్యుడిలో 0.3 వంతు. తెల్లకుబ్జ అంటే తన ఆయుష్షు ముగించుకున్న నక్షత్రపు మిగులు. ఒకప్పుడు అదే పెద్దది, మఖ చిన్నది. పెద్దది ఉబ్బి తన పై పొరల్ని మఖ మీద పోసింది. పక్కనుంచి పడుతున్న ఆ ప్రవాహం మఖని గిర్రున తిప్పింది, బరువు పెంచింది, గర్భానికి కొత్త ఇంధనం ఇచ్చింది. ఈ కథంతా లెక్కవేస్తే ఆ జంట వయసు 100 కోట్ల ఏళ్ళు దాటాలని 2009లో తేల్చారు. శ్రవణం విషయంలో తిరుగుడు కుర్రదాన్ని ముసలిదిగా చూపించింది. మఖ విషయంలో ముసలిది కుర్రదిగా కనిపించింది, ఆ తిరుగుడే అసలు కథకి ఆనవాలు అయింది. కాబట్టి వేగంగా తిరిగే నక్షత్రం కనబడితే వయసు లెక్కకట్టే ముందు పక్కన ఎవరైనా ఉన్నారా అని వెతకాలి. శ్రవణానికీ, అభిజిత్‌కీ అలాంటి జంట ఏదీ కనబడలేదు.

ఇంకొక జాగ్రత్త, ఇది నిపుణులు కూడా కలగాపులగం చేసేది. తిరుగుడు నక్షత్రాన్ని పెద్దదిగా చూపిస్తుందని చెప్పాను కదా, అది పైపై రూపం సంగతి. లోపల మాత్రం తిరుగుడు పొరల్ని కలియబెట్టి, పైనున్న హైడ్రోజన్‌ని కొంత గర్భంలోకి దించుతుంది. ప్రమిదలో మధ్యమధ్య నూనె పోసినట్టు. దానివల్ల నక్షత్రం ఎక్కువకాలం బతుకుతుంది. అందుకని గుంపుల వయసు కట్టేటప్పుడు ఇది ఎదురు దిశలో పనిచేస్తుంది. పుష్యమిలోని నక్షత్రాల గుంపుకి 60 కోట్ల పైచిలుకు ఏళ్ళనేవాళ్ళు. 2015లో తిరుగుడు కలిపి చూసినవాళ్ళకి 80 కోట్ల దగ్గర వచ్చింది. విడి నక్షత్రానికి వయసు తగ్గింది, గుంపుకి పెరిగింది. రెండూ తిరుగుడు వల్లే, కానీ కారణాలు వేరు. మీరు చదివిన వ్యాసం ఏ కారణం గురించి మాట్లాడుతోందో చూసుకోకపోతే తారుమారు అవుతుంది.

కాబట్టి మీరు ఎక్కడైనా ఇలాంటి నక్షత్రం వయసు చదివితే మూడు విషయాలు వెతకండి. ధ్రువం, నడుము విడివిడిగా కొలిచారా? లోహాల పాలు ఎంతని పెట్టుకున్నారు, ఎందుకు? నమూనా గుండ్రటి బంతిదా, నొక్కుకుపోయినదా? 120 కోట్ల అంకె ఈ మూడో ప్రశ్న దగ్గరే పడిపోయింది. 10 కోట్ల అంకె మొదటిదీ మూడోదీ దాటింది. రెండోదాంట్లో ఇంకా పని ఉంది, కాబట్టి 10 అన్నది కొంత అటూ ఇటూ జరగొచ్చు. కానీ ధ్రువం వైపు కొలత అలా ఉండగా మళ్ళీ 120కి మాత్రం వెళ్ళదు.

చివరగా, మీరు దాన్ని ఇంతవరకు గుర్తుపట్టి చూడలేదని రాశారు. శ్రావణ మాసానికి ఆ పేరు ఇచ్చింది ఈ నక్షత్రమే, ఆ మాసపు పున్నమి చంద్రుడు దీని దగ్గరికి వస్తాడు. ఆగస్టు మధ్యలో, మబ్బు లేని రాత్రి, పదిన్నర ప్రాంతంలో మన ఊళ్ళలో దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణానికి చూడండి. ఒక వరసలో మూడు చుక్కలు, మధ్యది అన్నిటికంటే తెల్లగా ఉంటుంది. ఆ మూడింటినీ త్రివిక్రముడి మూడు అడుగులన్నారు మనవాళ్ళు. మధ్యదే శ్రవణం. ఉత్తరం వైపు దానికంటే ఎక్కువగా వెలిగేది అభిజిత్. వీలైతే ఆ రాత్రి రెండుసార్లు చూడండి, పొద్దు గుంకాక తూర్పున ఒకసారి, తెల్లవారుజామున మూడు ప్రాంతంలో పడమట ఇంకోసారి. తూర్పున ఉదయించి పడమట అస్తమించే లోపు అది తన చుట్టూ తాను ఒకటిన్నర సార్లకి పైగా తిరిగేస్తుంది.